గోరంత

సుబాసినీ, ముందు చేతులు చూపించు.
మగ్గం తర్వాత చూద్దువుగాని.

ఆ ఊదారంగు బాగానే ఉంది,
కానీ పెచ్చు లేచిందంటే
పట్టుపోగు దానికి తగులుకుంటుంది
కంపకి పమిట తగులుకున్నట్టు.
తెగిన పోగు అరవదు.
నెల తర్వాత మడత విప్పి
బడాబజారులో సేటు అరుస్తాడు.

బరంపురంలో నా వేళ్ళకి పేరుంది, ముఖానికి లేదు.
అయిపోయిన పడుగు కొసకి కొత్త పడుగు కొస,
మూడువేల పైచిలుకు పోగులు,
ఒక్కొక్కటీ పిసరంత బూడిద అద్ది మెలిపెట్టాలి.
ఎత్తేది గోరు, మెలిపెట్టేది వేలు.
గోరు పొడుగైతే కోస్తుంది,
కురచైతే పోగు దొరకదు.
నువ్వుగింజ మందం బయటికి ఉంచు, చాలు.

నీళ్ళు పోసుకుని వచ్చాక కత్తిరించు, మెత్తగా ఉంటుంది.
ఎండిన గోరు పెళుసు, చెప్పిన చోట ఆగదు.
రాత్రిపూట గోళ్ళు తీస్తే లక్ష్మి పోతుందనేది మా అత్త చౌడమ్మ.
మా ఇంట్లో లక్ష్మి ఉన్నదెప్పుడు, పోవడానికి?
అసలు సంగతి,
తీసిన ముక్క మగ్గం గుంటలోకి ఎగిరిపడి
దీపం వెలుగులో కనపడక
తెల్లారి పట్టులోంచి గీరుకునేది.

గిన్నెలు తోమాక వేళ్ళ సందులు తుడుచుకో.
పడుకునే ముందు గోరు మొదట్లో కొబ్బరినూనె చుక్క.
ఆ చేత్తో మాత్రం మగ్గం ముట్టుకోకు.
పొద్దున చోడంబలి తాగు,
గోపాల్‌పూర్ చిన్నచేపలు దొరికిన రోజు
ముల్లు పారెయ్యకు.
కొరికావో, వేపాకు నూరి రాస్తాను.
మా ఆయన కొరికేవాడు,
కూలిడబ్బులు ఆలస్యమైన వారమంతా.
ఆయన వేళ్ళు చూసి
సేటు బాకీ ఎంతో చెప్పేదాన్ని.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే
సామెతే అనుకున్నాను.
ఆ కార్తీకంలో ఈ బొటనవేలికి గోరుచుట్టు లేచింది.
నిమ్మకాయ తొడిగి తిరిగాను.
మూడోనాడు మగ్గం దోనె జారి
వెతుక్కున్నట్టు దానిమీదే పడింది.
నల్లబడి, నేరేడుపండై,
ఒక పొద్దున గోరు దుప్పట్లో ఉంది, నా దగ్గర లేదు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒరియాలో ‘నఖొ’ అంది.
నాకు నక్క అని వినపడి
అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది.
ఆరు నెలలు, అంది.
గోరు లేని వేలు పళ్ళు లేని నోరు.
అన్నిటినీ తడుముతుంది, దేన్నీ కొరకదు.

ఆసు పోశాను, కండెలు చుట్టాను, సగం కూలికి.
తోలు కిందినుంచి అది రావడం
రోజూ దీపం దగ్గర పెట్టుకు చూసేదాన్ని.
నెలకి బియ్యపుగింజ వెడల్పు.
అంత నెమ్మదిగా పనిచేసేవాళ్ళని దేవాంగుల వీధిలో చూడలేదు.
అంత మానకుండా చేసేవాళ్ళనీ.

ఇదుగో, వేలు పెట్టి చూడు, మధ్యలో గాడి.
అది వచ్చాక మొదటిసారి అతికిన పడుగులో
రెండు పోగులు తారుమారయ్యాయి.
కుంభం అంచు పక్కన
వెంట్రుకంత గీత, చీర పొడుగునా.
కట్టుకున్నావిడ ఎవరో గానీ
ఇంతవరకూ తిరిగి పంపలేదు.

ఏమిటలా చూస్తావు, ఆ తెల్లమచ్చలా?
చిన్నప్పుడు కొంగలు పోతుంటే గోళ్ళు రుద్దుకునేవాళ్ళం,
మచ్చ పడితే కొత్తబట్టలని.
దెబ్బ తగిలితే పడతాయంది డాక్టరమ్మ.
పలక తగిలి పడ్డాయి, నిజమే.
కొత్తబట్టలూ వచ్చాయి కదా,
ఎన్నో వచ్చాయి,
మడతపెట్టి ఇచ్చేశాను.

సరే, ఆ రంగు తుడుచుకుని రా.
ఎడం చిటికెనవేలికి
ఉంచుకుంటే ఉంచుకో.
దానితో మనకి పని లేదు.